వచ్చినం అంటే తప్పా?

డోర్నకల్ స్టేషన్‌లో పార్సిల్ క్లర్కు కరుణాకర్‌కు కోపమెక్కువని అందరూ అనేవారు. ఉండక ఏం చేస్తుంది? అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో, వరంగల్‌లో చదువుకునే రోజుల్లో, లాఠీ దెబ్బలు తిన్నాడు. అవి మానాయి గానీ, తన యాసకు నవ్వేవాళ్లను చూస్తే మాత్రం ఒళ్లు మండేది.

డెబ్బై ఎనిమిదిలో చర్చికి వచ్చిన విదేశీ అతిథి ఒకాయన, ఇతను గిటారు వాయిస్తాడని తెలిసి, ఒక రికార్డు ఇచ్చిపోయాడు. దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు కుర్రాళ్ల బృందమది. కరెంటు గిటార్ల నడుమ తమ కొండజాతుల పిల్లనగ్రోవినీ డోలునూ దర్జాగా కూర్చోబెట్టారు. సైన్యం గద్దెనెక్కాక దేశమే విడిచిపోయారట. కరుణాకర్ ఆ రికార్డును అరిగేదాకా విన్నాడు. ఆనక డప్పునూ గిటారునూ కలిపి సొంత పాట కట్టాడు: 'కంకర మోసుకుంట వచ్చినం.'

ఉద్యోగుల సంఘం వార్షికోత్సవంలో పాడతానని ముందుగా ఆ పాట వినిపిస్తే, కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కార్యదర్శి పెదవి విరిచాడు.

"వచ్చినం ఏమిటయ్యా? వచ్చాం అని దిద్దు, లేకపోతే స్టేజీ ఎక్కనివ్వను. నువ్వు మొన్న వినిపించిన ఆ చిలీ రికార్డు ఎంత బాగుంది! అలాంటిది పాడు."

ఒక్క ముక్క అర్థం కాని భాష బాగుందట, అర్థమయ్యే భాషను దిద్దాలట! కరుణాకర్ పళ్లు నూరుకుంటూ గ్యాంగ్‌మన్ భోజ్యా దగ్గరికి పోయాడు.

"అన్నా, నా పాట మీ తండా మాటల్ల పాడుతవా? కార్యదర్శికి చిలీ పాటని చెప్తం."

"పాడుత గని, ఆయన పట్టుకోడా?" అన్నాడు భోజ్యా.

"ఆయనకు మన తెలుగే పరాయిదాయె. మీ మాట ఏం పట్టుకుంటడు?"

కార్యక్రమాల జాబితాలో 'చిలీ పాట' అని రాసిచ్చారు. వార్షికోత్సవం నాడు భోజ్యా లంబాడీలో గొంతెత్తాడు. తానెక్కే రైలు కింద పట్టాలు సరిచేసే ఆ మనిషి ముఖం కార్యదర్శి ఎన్నడైనా చూస్తే గదా! ముందు వరుసలో తెగ ఊగిపోయాడు.

"ఏం ఉచ్చారణండీ! వన్స్ మోర్!"

రెండోసారి అదే పాటను కరుణాకర్ పాడాడు, 'వచ్చినం' అంటూనే. కార్యదర్శి చప్పట్లు ఆగిపోయాయి.

"గిది గూడ గదే పాట సార్," అన్నాడు కరుణాకర్ మైకులో. "ఇందాక పాడింది మన గ్యాంగ్‌మన్ భోజ్యా. గది లంబాడీ."

హాలంతా ఘొల్లున నవ్వింది. కార్యదర్శి లేచి వెళ్లిపోయాడు. స్టేజీ దిగుతూ భోజ్యా నవ్వుతూ భుజం తట్టాడు.

"గెలిచినం తమ్మీ!"

కరుణాకర్‌కు నవ్వు రాలేదు.

"ఏం గెలిచినమన్నా? మన ఊర్లె మన మాట పాడుకునేటందుకు చిలీ పేరు చెప్పవలసొచ్చె."