జుట్టు రాలకముందే తీర్చాల్సిన మొక్కు

మా చిన్నప్పుడు నాన్న క్షవరానికి ప్రొద్దుటూరు వెళ్లినా, జీపు వెనక ఆరుగురు ఎక్కి కూర్చునేవాళ్లు... సీటు కింద ఒక గోనెసంచి. అందులో ఏముందో పిల్లలు అడగకూడదు. పులివెందుల నుంచి జమ్మలమడుగు దాకా పార్టీ మనిషి ఇల్లంటే అప్పట్లో అలాగే ఉండేది. మాకదేం వింతగా తోచేది కాదు.

మా ఊరి పేరు, మాకు పగ ఉన్న పక్క ఊరి పేరు రాయను. రెండూళ్ల వాళ్లూ నా ఫ్రెండ్స్ లిస్టులో ఉన్నారు... మళ్లీ కామెంట్లలో మొదలుపెడతారు.

నేను నాలుగో తరగతిలో ఉండగా, పోలింగ్ రోజు జరిగిన గొడవలో నాన్నకు నాటుబాంబు తగిలింది. ఆసుపత్రిలో అందరూ ఆశ వదిలేసుకున్నారు. అప్పుడే అమ్మ మా ఇంటి దేవుడు నరసింహస్వామికి మొక్కుకుంది... మనిషి బతికితే తలనీలాలు ఇస్తానని. నాన్న బతికాడు. అదే గొడవలో అవతలి వర్గంలో పెళ్లి కూడా కాని ఒక పిల్లవాడు చనిపోయాడు. అతని మీద బాంబు వేసింది మావాళ్లే. ఇప్పుడు దాచేదేముంది.

చిక్కేమిటంటే, స్వామి గుడి ఉన్నది అవతలి వాళ్ల ఊళ్లో. ఆ గొడవ తర్వాత మా ఇంట్లోంచి ఎవరూ అటు అడుగు పెట్టలేదు. అమ్మ మొక్కు అలాగే ఉండిపోయింది.

నేను హైస్కూలుకు వచ్చాక అమ్మకు రొమ్ములో గడ్డ కనబడింది. వేలూరు తీసుకెళ్తే క్యాన్సర్ అన్నారు. మావైపు అప్పట్లో ఆ పేరు పైకి పలికేవాళ్లు కాదు... ‘ఆ జబ్బు’ అని గొంతు తగ్గించి అనేవాళ్లు. మందు ఎక్కిస్తే జుట్టంతా రాలిపోతుందని డాక్టరు చెప్పగానే అమ్మ ముఖం పాలిపోయిందట. మళ్లీ వస్తుందమ్మా అని ఆయన పాపం ఓదార్చాడు. అమ్మ దిగులు అది కాదు. స్వామికి ఇస్తానన్న జుట్టు ఆసుపత్రి దిండు మీద రాలిపోతే, ఇచ్చిన మాట ఏం కావాలి?

నాన్న తేలిగ్గా తేల్చేశాడు. వేలూరు దారిలోనే తిరుపతి ఉంది కదా, కొండెక్కి అక్కడ ఇచ్చేస్తే సరిపోతుందన్నాడు.

“మాట ఇచ్చింది ఒగరికి, జుట్టు ఇచ్చేది ఇంగొకరికా?” అంది అమ్మ.

అమ్మ నాన్నకు ఎదురు చెప్పడం నేను చూడటం అదే మొదలు. మొక్కు తీరేదాకా సూది పొడిపించుకోనని భీష్మించుకుని కూర్చుంది. ఎంత పగ ఉన్నా ఆడవాళ్ల జోలికి పోకూడదన్న కట్టుబాటు రెండు వైపులా ఉండేది. అందుకే పాపను, అంటే నన్ను, తీసుకుని బస్సులో పోయొస్తానంది. నాన్నకు మనసొప్పలేదు. తోడుగా రెండు జీపుల మనుషుల్ని పంపాడు... ప్రేమ చూపించడం ఆయనకు అంతకంటే తెలియదు.

ఇంకేముంది... మా జీపులు కనబడగానే ఊరంతా తలుపులు బిగించుకుంది. పూజారి గుడికి తాళం వేసి ఎటో పోయాడు. గుండు గీయాల్సిన మంగలి కూడా మాయమయ్యాడు. అమ్మ జీపుల్ని పొలిమేర అవతలికి పంపేసి, జుట్టు విరబోసుకుని గుడి మెట్ల మీద కూర్చుంది. పక్కన నేను. ఎండ నెత్తికెక్కింది. ఆకలీ భయమూ రెండూ వేశాయి నాకు.

చాలాసేపటికి ఒక ముసలామె తలుపు తీసుకుని మా దగ్గరికి వచ్చింది. ఎవరి ఇంటిదానివని అడిగింది. అమ్మ, మా నాన్న పేరు చెప్పింది. ఆమె అమ్మ విరబోసుకున్న జుట్టు వంక చూసి, ఎందుకొచ్చావంది. అమ్మ జబ్బు సంగతి, పోలింగ్ రోజు మొక్కుకున్న సంగతి వరసగా చెప్పింది. ఆమె వీధిలోకి తిరిగి మంగలిని పేరు పెట్టి పిలిచింది. పూజారిని వెతికి తీసుకురమ్మని ఎవరినో పంపింది.

అమ్మ జుట్టంతా ఆమె తెచ్చిన తువ్వాలలో పడింది. నున్నగా అయిన తలకు గంధం కూడా ఆమే పూసింది. పూస్తూ, మామూలుగా అంది...

“ఆపొద్దు నేను గూడా ఈ సామికే జుట్టు మొక్కినానమ్మా, నా కొడుకు బతికితే ఇస్తానని. నాకు తీర్చే పని పడల్యా.”

అమ్మ తలెత్తలేదు. ఆమె ఎవరో నాక్కూడా అప్పుడు తెలిసింది. నెరిసిన జుట్టు, వెనక్కి గట్టిగా ముడి వేసుకుని ఉంది.

ఇంటికొచ్చాక, గంధం ఎవరు పూశారని నాన్న అడిగాడు. అమ్మ చెప్పింది. ఆ పూట ఆయన కంచం ముందు కూర్చుని, తినకుండానే లేచాడు.

ఆ తర్వాత వేలూరుకు ప్రతిసారీ నాన్నే తీసుకెళ్లాడు... వెనక మనుషులు లేకుండా, ఎర్రబస్సులో. భయపడ్డాడని ఊళ్లో అనుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. ఆసుపత్రిలో చుట్టూ మంచాల వాళ్లు ఏదో ఒక దేవుడికి మొక్కుకుంటూనే ఉండేవాళ్లట. అమ్మ మాత్రం ఏమీ మొక్కుకోలేదు. ఎందుకని నాన్న అడిగాడు.

“అడిగినోళ్లకంతా ఇయ్యడు గదా ఆయప్ప. నేను ఒగసారి తీసుకున్నా, సాలు” అంది.

అమ్మకు నయమైంది. జుట్టు మళ్లీ వచ్చింది, ఈసారి ఉంగరాలు తిరిగి. నా పెళ్లి చూసింది, నా పిల్లల్ని ఎత్తుకుని ఆడించింది. స్వామి మహిమ అంటారు మా చుట్టాలు. నేను వాదించను. కానీ తన కోసం అమ్మ ఆయన్ను ఏమీ అడగలేదన్నది మాత్రం నిజం.

ఇప్పుడు మా ఇంటివాళ్లూ అవతలి వర్గం వాళ్లూ ఒకే పార్టీ... మనవళ్లు ఒకే ఫ్లెక్సీ మీద పక్కపక్కన నవ్వుతుంటారు. గుడికి ఎవరైనా ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఆ పోలింగ్ రోజు దేనికి కొట్టుకున్నారంటే సరిగ్గా చెప్పే మనిషి లేడు.

తీరిన మొక్కుల గురించి అందరూ చెబుతారు... మీ ఇళ్లలో తీర్చే పని పడని మొక్కులు ఏమైనా ఉంటే, ఇక్కడ రాయండి. చదువుతాను.