కడబంతిన కూర్చున్న సారు

మా ఆకుల సారు పోయారు. సోమవారం రెండో పీరియడులో నేను ఛందస్సు చెబుతుంటే అటెండరు గుమ్మంలో నిలబడి, "సార్, ఆకుల సారు పోయిండు. దవాఖాన నుంచి ఇప్పుడే కబురొచ్చింది" అన్నాడు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. ప్రిన్సిపాలుగారు గంట కొట్టించి, అందరినీ కాసేపు మౌనంగా నిలబెట్టి, సెలవిచ్చేశారు. పిల్లలు సైకిళ్లెక్కి మార్నింగ్ షోకు పోయారు. వాళ్లను మనసులో బాగానే తిట్టుకున్నాను. ఆ వయసులో నేనైనా అంతే చేసేవాణ్ణి.

ఆయన కరీంనగర్‌లో మా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నేను తెలుగు చెబుతాను. మా ఇళ్లకు మధ్య ఒకటే గోడ. ఆకుల సారు అన్న పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గానే పెట్టారు. ఆయన పిచ్చి ఆకుల మీదే, అయితే అవి చెట్టు మీది ఆకులు కావు. బెల్లంపల్లి దిక్కు బొగ్గుబాయిల దగ్గర తవ్విపోసిన రాళ్ల గుట్టలుంటాయి. అందులో పలక లాంటి నల్లరాయిని జాగ్రత్తగా చీలిస్తే ఒక్కోసారి లోపల ఆకు అచ్చు కనబడుతుంది, ఈనెలతో సహా. మొదటిసారి అలాంటి రాయి నా చేతిలో పెట్టి, "సూడు తమ్మీ! గీ ఆకు రాలిననాడు భూమ్మీద మనిషన్నోడే లేడు. దీని మొకం సూసిన మొదటోళ్లం మనమే" అన్నారు. నాకది మామూలు ఆకులాగే కనబడింది. ఆ మాట అనలేదు.

శనివారం మధ్యాహ్నం క్లాసులు కాగానే ఇద్దరు ముగ్గురు పిల్లలను వెంటేసుకొని పెద్దపల్లి దాకా బస్సు, అక్కణ్ణుంచి ప్యాసింజరు. ఆదివారం చీకటి పడ్డాక గోనెసంచుల బరువుతో, నెత్తి నుంచి కాళ్ల దాకా నల్లగా దిగేవారు. "ఏమాయె, బాయిల కొలువు దొరికిందా?" అని సారు భార్య, మా వదినె, గుమ్మంలోనే ఎదురయ్యేది. అంటూనే నీళ్లు తోడేది. ఆ రాళ్లకు తడి తగలకూడదు, తగిలితే పొరలు పొరలుగా విచ్చిపోతాయి. అందుకని ఆమె వేపపుల్ల చివర నమిలి, కుంచెలాగా చేసి, ఒక్కో రాయి మీది దుమ్ము దులిపి, పాత చీర ముక్కల్లో చుట్టి పెట్టేది. ఇంట్లో పప్పుల డబ్బాలన్నీ రాళ్ల డబ్బాలైపోయాయి. చుట్టాలొస్తే పడుకోవడానికి మా ఇంటికి పంపేవారు.

సారు ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి. ఇంగ్లీషు వాక్యాన్ని చేనులో రాళ్లేరినట్టు ఏరి ఏరి రాసేవారు. ఒక వ్యాసం రాయడానికి ఒక వానకాలం పట్టేది. అంతా అయ్యాక, కలకత్తా పత్రికకు పంపేముందు, పైన పేర్లు రాసేవారు. మొదట వెంట వచ్చిన పిల్లవాడి పేరు. ఇద్దరుంటే ఇద్దరివీ. తనది చిట్టచివర.

"ఇదేంది సార్?" అని అడిగాను ఒకసారి.

"రాళ్లు మోసింది వాడే గద."

"మోసింది వాడే. ఆకును గుర్తుపట్టింది మీరు, రాసింది మీరు."

"అయితేంది తమ్మీ? ఇంటోడు ముందుగల్ల కూసుండి తింటడా? సుట్టాలను కూసోబెట్టి, అడిగి అడిగి పెట్టి, తను ఆఖరి బంతిల తినాలె. పేరు గూడ గంతే."

తెలుగు మాస్టరును కదా, నోరు ఊరుకుంటుందా? వడ్డించేవాడు మనవాడైతే కడబంతిన కూర్చున్నా ఫరవాలేదని సామెత వదిలాను. ఆయనకది తెగ నచ్చింది. అటు తర్వాత ఎవరడిగినా అదే జవాబు. వడ్డించేవాడు ఎవరో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆలోచించింది వదినె ఒక్కతే. ఆ రోజు చాయ గ్లాసులు తీసుకుపోతూ ఆగి, "ఆఖరి బంతి సంగతి మీకేమెరుక? ఎన్నడన్న కూసున్నరా? నన్నడుగున్రి. పప్పుంటె పులుసుండది, పులుసుంటె అన్నముండది. కుండ గీకుడే" అంది. ఇద్దరం పకపకా నవ్వాం. నిజానికి ఆ ఇంట్లో మొదటి కంచం ఎప్పుడూ సారుదే. ఆయన తిని, వెంట వచ్చిన శిష్యులు తిని, అప్పుడప్పుడు నేనూ తిని లేచాక ఆమె కూర్చునేది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఇన్ని రాళ్లు తుడిచిన ఆ మనిషి పేరు ఏ వ్యాసం మీదా లేదు, ఆఖరునైనా లేదు. ఆ సంగతి సారుకు తట్టలేదు. నాకూ ఈ మధ్యనే తట్టింది.

అచ్చయిన పత్రిక పోస్టులో వస్తే ఆ రోజు సారుకు పట్టపగ్గాలుండేవి కావు. కోవా కొనుక్కొచ్చి, స్టాఫు రూములో అందరి ముందూ పేజీ తెరిచి, పిల్లవాడి పేరు కింద వేలు పెట్టి చూపించేవారు. "సూడున్రి, హుస్నాబాద్ పోరడు! వీని బాపు మగ్గం నేస్తడు. కలకత్తల పేరచ్చయింది!" ఆ హుస్నాబాద్ పోరడే ఆయన మొదటి శిష్యుడు. తెలివైనవాడు, కష్టపడేవాడు. అతని పేరు ముందున్న వ్యాసాలు చూసే హైదరాబాద్‌లో పరిశోధనకు సీటిచ్చారు. డాక్టరేటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది. తక్కిన పిల్లలూ అలాగే ఒక్కొక్కరు ఒక్కో గట్టెక్కారు. ఆ వ్యాసాల గురించి ఎవరైనా ఎక్కడైనా రాస్తే మొదటి పేరొకటి రాసి, పక్కన 'తదితరులు' అని పెట్టేవారు. మా సారు తదితరులు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్లకు విశ్వవిద్యాలయంలో రీడరు ఉద్యోగం ఒకటి పడింది. సారు తన కోసం ఏదైనా అడిగారంటే జీవితంలో అదొక్కటే. జీతం మీద యావ కాదు. అక్కడ అద్దాల బీరువాలున్నాయి, రాళ్లకు తడి లేని చోటు దొరుకుతుంది, పిల్లలతో పరిశోధన చేయించే హక్కు వస్తుంది. "ఇంకొక్క పదేండ్లు చేస్తె బెల్లంపల్లి ఆకుల కత మొత్తం చెప్తం తమ్మీ" అనేవారు. నిజాం కాలం నాటి శేర్వానీ ఇస్త్రీ చేయించుకొని ఇంటర్వ్యూకు బయల్దేరితే నేనూ వెంట పోయాను.

అక్కడ వరండాలో మొదటి శిష్యుడు కనబడ్డాడు. అతనూ అదే ఉద్యోగానికి వచ్చాడు. మమ్మల్ని చూసి మొహం కందగడ్డయింది. వంగి సారు కాళ్లకు మొక్కాడు. సారు ఒక్క క్షణం ఆగి, భుజం తట్టి, "అన్నం తిన్నవా?" అని అడిగారు. తర్వాత పిలుపొస్తే లోపలికి పోయారు. వెళ్లినంత తొందరగా బయటికొచ్చారు.

తిరుగు బస్సు సిద్దిపేట దాటింది. అప్పుడు ఆయనే మొదలుపెట్టారు.

"మీ సొంత పని ఏదండీ అనడిగిండు పెద్దాయన. గివన్ని నావే గదా అన్న. మొదటి పేరు మీదున్నది ఒక్కటి చూపించండి అన్నడు. మొదటి పేరుంటేనే లెక్కనట. కడమవి సాయం చేసినట్టట."

"మీరేమన్నారు?"

"బంతి సంగతి చెప్పిన." కిటికీ దిక్కు తిరిగారు. "నవ్విన్రు తమ్మీ. ఇదేం భోజనం కాదండీ అన్నరు."

ఉద్యోగం మొదటి శిష్యుడికి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. కులపతికి రాయండి, కలకత్తాకు రాయండి, ఆ వ్యాసాలు నావని రాయండి అని వెంటపడ్డాను. "ఏమని రాయాలె? నేను పెట్టిన పేరు నన్నే తీసెయ్యమంటవా? ఇస్తార్ల వడ్డించినంక గుంజుకుంటరా ఎవలన్న?" అన్నారు. ఆ మాటకు అప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత గొప్ప మనసు అనుకున్నాను. మనమందరం ఇలాంటి మనసులను తలుచుకొని చల్లగా నిద్రపోతాం. ఆయనకు నిద్ర పట్టేది కాదు.

శనివారాలు ఆగిపోయాయి. పిల్లలు వచ్చి పిలిస్తే, మోకాళ్ల నొప్పులనేవారు. ఒక ఆదివారం గోడ అవతల సుత్తె చప్పుడు వినబడి తొంగి చూశాను. పెరట్లో జాలారు దగ్గర, గిన్నెలు తోమి స్నానాలు చేసే చోట, సారు రాళ్లు పరుస్తున్నారు. డబ్బాల్లోని రాళ్లే. చీర ముక్కలు ఒక పక్క కుప్పగా ఉన్నాయి. ఆకు ఉన్న మొహాన్ని కిందికి పెట్టి ఒక్కోటి సర్దుతున్నారు. వదినె గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"సార్, ఏం చేస్తున్నరు? నీళ్లకు విచ్చిపోతాయి గద!"

"పోనీ తమ్మీ. మీ వదినెకు బురదయితుంది ఈడ." కాసేపు సుత్తె ఆపి, తలెత్తకుండానే, "తప్పు చేసిన. ఎవ్వలకు చెప్పకు గని, తప్పే చేసిన. ఆఖరి బంతిల ఏం మిగుల్తదో మీ వదినె చెప్పనే చెప్పె" అన్నారు.

ఒక్క వానకాలంలో ఆ రాళ్లు ఒకటీ అరా తప్ప అన్నీ పొరలై, మట్టయి, కాలువలో కొట్టుకుపోయాయి. ఆయన మరి నాలుగేళ్లు కాలేజీకి వచ్చారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి, గంట కొట్టగానే వెళ్లిపోయేవారు. చివరికి కామెర్లు వచ్చాయి. మందు తాగమంటే తాగారు గానీ, బతకాలన్న తొందర ఆయనలో నాకు కనబడలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో వడ్డించి, పిట్ట ముట్టేదాకా ఎవ్వరూ తినకుండా చూడటం మా వైపు ఆనవాయితీ. సారుకు పిల్లలు లేరు, కర్మ చేసింది తమ్ముడి కొడుకు. పెరట్లో జాలారు పక్కన మోదుగాకు విస్తరి వేసి, సర్వపిండి, పచ్చిపులుసు, పప్పు, అన్నం వదినె తన చేత్తోనే వడ్డించింది. "ఇయ్యాల మొదటి ఇస్తారి గాయినదే" అంది. శిష్యులందరూ వచ్చారు. మొదటి శిష్యుడూ హైదరాబాద్ నుంచి వచ్చాడు.

పిట్ట రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. గోడ మీద ఒక కాకి వాలింది గానీ కిందికి దిగలేదు. "ఏదో కోరిక మిగిలింది. ఎవలన్న మాటియ్యున్రి" అన్నాడు ఒక ముసలాయన. పెద్దమ్మను నేను చూసుకుంటానని తమ్ముడి కొడుకు మాటిచ్చాడు. కాకి కదల్లేదు. అప్పుడు మొదటి శిష్యుడు ముందుకొచ్చి చేతులు జోడించాడు. "సార్, మళ్ల అచ్చేయిస్త. అన్నిట్ల మీ పేరే ముందుగల్ల పెడ్త సార్" అన్నాడు. అబద్ధం కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. కాకి లేచి ఎటో పోయింది.

అందరూ తల వంచుకున్నారు. వదినె మాత్రం నిదానంగా, "ఆయన ముందుగల్ల ముట్టడు. గది ఆయనకు శాతగాదు. మీరు పోయి తినున్రి. మీరందరు తిన్నంక ఆఖరికొస్తడు" అంది.

వింత మాటే గానీ ఎవరూ కాదనలేకపోయారు. మొదటి బంతిలో శిష్యులు కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ముద్ద దిగకపోయినా తిన్నాను. రెండో బంతి, మూడో బంతి అయ్యాయి. మొదటి శిష్యుడు కళ్లు తుడుచుకొని హైదరాబాద్ బస్సుకు పోయాడు.

పొద్దు వాలాక గోడ మీది నుంచి చూశాను. విస్తరి అలాగే ఉంది. అన్నం ఎండి, ఆకు అంచులు ముడుచుకుంటున్నాయి. వదినె పక్కనే కూర్చొని కొంగుతో ఈగలు తోలుతోంది. గాలికి ఆకు లేవబోతే, జాలారులో మిగిలిన పలకరాయి ముక్కొకటి తీసి అంచు మీద పెట్టింది.

"వదినె, ఇగ జర తిను. పొద్దటి సంది ఏం తినలే" అన్నాను.

"ఇంటోళ్లు ఇంకా తినలే తమ్మీ" అంది. ఖాళీ గోడ దిక్కే చూస్తూ కూర్చుంది.