బోరెం నిలబడింది

పోయిన ఆదివారం పాత దిండొకటి విప్పి దూది ఎండలో వేద్దామని కుట్టు తెంపానో లేదో, గది నిండా ఒక వాసన లేచింది. ఎండిన పత్తాకు పొడి, గింజల నూనె జిడ్డు, కార్తీక మాసపు పొద్దుటి మంచు, వాటన్నిటి అడుగున పురుగుమందు ఘాటు ఒక పిసరు. ఇరవై ఏళ్ళు దిండులో అణిగి ఉన్నా ఆ వాసన చావలేదు. ఇంకో గుప్పెడు దూది లాగేసరికి నల్లటి ఫ్లాపీ ఒకటి జారి నా కాలి మీద పడింది. ఇప్పటి పిల్లలకు తెలియదు గనక చెబుతున్నాను, ఫ్లాపీ అంటే కంప్యూటర్లోని సంగతులు దాచుకోవడానికి ఆ రోజుల్లో వాడిన అరచేతంత బిళ్ళ. దాని మీద అంటించిన కాగితం ముక్క మీద నా పన్నెండేళ్ళ చేతిరాత, వంకర్లు పోతూ: ‘బోరెం’. అది దిండులోకి ఎలా చేరిందో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను, సిగ్గేమీ లేకుండా చెబుతాను.

మార్టూరుకి నాలుగు మైళ్ళ అవతల మా ఊరు. అటు రాతి ఫ్యాక్టరీలు, ఇటు మా పత్తి చేలు, మిరప చేలు. మాఘం దాటితే కల్లాల నిండా ఎర్రటి మిరపకాయలు పరిచి ఉండేవి, గాలి ఇటు తిరిగిందంటే వీధి వీధంతా తుమ్మేది, బడిలో మాస్టారు తుమ్ముతూ పాఠం చెబితే మేం తుమ్ముతూ వినేవాళ్ళం. కానీ నా కాలం మిరప కాలం కాదు, పత్తి కాలం. నాగులచవితికి పుట్టలో పాలు పోసి, చిమ్మిలుండలు, చలిమిడి కొంగుల్లో కట్టుకుని ఆడవాళ్ళు తిన్నగా మొదటి ఏరుతకి చేలోకి దిగేవాళ్ళు. సాయంత్రానికి ఇంట్లో ముందుగది వాసాల దాకా పత్తితో నిండిపోయేది. మేం అటక మీదనుంచి అందులోకి దూకి, మునిగి, ఒళ్ళంతా దురదతో బయటికొచ్చి, మళ్ళీ ఎక్కేవాళ్ళం. మంచాలు వసారాలోకి, దేవుడి పటం వంటింట్లోకి మారిపోయేవి. రెండు నెలలు ఇల్లు పత్తిది, మేం చుట్టాలం.

అప్పుడొచ్చేది నా వంతు. పత్తి నింపే పెద్ద గోనెసంచిని మా వైపు బోరెం అంటారు, నిలబెడితే మనిషి కన్నా ఎత్తుంటుంది. దాని మూతి నాలుగు పక్కలా తాళ్ళతో దూలానికి కట్టి వేలాడదీసి, లోపలికి ఒక మనిషిని దింపి, పైనుంచి పత్తి పోస్తుంటే లోపలున్నవాళ్ళు తొక్కుతూ ఉండాలి. మొదట్లో చీకటి, ఉక్క, ముక్కులో నూగు. తొక్కేకొద్దీ కాళ్ళ కింద పత్తి గట్టిపడి మనం పైకి లేస్తాం, నడుము, భుజాలు, చివరికి తల మూతిలోంచి బయటికొచ్చి వెలుగు కనబడుతుంది. నేను బొద్దుపిల్లని. బొద్దేమిటి, లావు. కబడ్డీలో జట్లు పంచుకునేటప్పుడు ఆఖరున మిగిలేదాన్ని. పెళ్ళిళ్ళకొచ్చిన చుట్టాలు మా అమ్మతో, నేను వింటుండగానే, “ఈ పిల్లకి కాస్త నెయ్యి తగ్గించమ్మా” అని చెప్పి రెండో లడ్డు తీసుకునేవాళ్ళు. బోరెం తొక్కడానికి మాత్రం ఊళ్ళో అందరికీ నేనే కావాల్సొచ్చేదాన్ని.

తొక్కడం నాకు నేర్పింది నాయనమ్మ. ఆవిడా నా అంతే ఉండేది, ఏం మొహమాటపడేది కాదు.

“గెంతమాక. గెంతితే నడిమధ్యన దిగిద్ది, మూలలు బోలుగా ఉండిపోతయ్యి. మూలమూలా నిదానంగా తొక్కు. తొందరెవరికే, పత్తికా?”

నిండాక ఆవిడే దబ్బనంతో, పురికొసతో మూతి కుట్టేది. ఆ కుట్టు పట్టుకుని ఇద్దరు మగాళ్ళు బండి మీదికి ఎత్తినా పిగిలేది కాదు. లోడు వెళ్ళేటప్పుడు పత్తి పండించిన మా పెదనాన్న పేరు చెప్పుకునేవాళ్ళు, ఏరిన కూలీల పేర్లు చెప్పుకునేవాళ్ళు. తొక్కింది ఎవరని ఏ రోజూ ఎవరూ అడగలేదు.

ఇక ఆట సంగతి. మార్టూరులో పురుగుమందుల కొట్టు మీద మేడగదిలో రమణ మాస్టారు అని ఒకాయన కంప్యూటర్ సెంటర్ పెట్టారు. నాలుగు కంప్యూటర్లు, ఒకదానికొకటి వైర్లతో కలిపినవి. కిందనుంచి మందు వాసన, కిటికీలోంచి రాతి ఫ్యాక్టరీల తెల్లదుమ్ము. ఆదివారం పొద్దున పిల్లల్ని ఆడుకోనిచ్చేవారు. అక్కడ మేమాడింది ఒకే ఆట, వింత జంతువుల్ని పెంచి పోట్లాటకు దింపేది. ఇద్దరిద్దరు జట్టు, మనిషికొక జంతువు, వంతులవారీగా ఒక్కో దెబ్బ. అసలు పేర్లు మాలో ఎవరికీ నోరు తిరక్క జంతువులకు మేమే పేర్లు పెట్టుకున్నాం. మా పెదనాన్న కొడుకు శీనన్నది నిప్పులు కక్కే డేగ. వాడి జట్టులోవాడిది కొమ్ముల ఎద్దు. మా బాబాయి కూతురు రాజీది కోరల ముంగిస, మహా చురుకు, ఒక్క దెబ్బ తగిలితే చచ్చూరుకునేది.

నాది బోరెం. బూడిదరంగు, మెడ లేదు, కళ్ళు చింతగింజలంత, పొట్ట నేల మీద ఆనించి కూర్చునే ఒక పెద్ద శాల్తీ. అది ఎవర్నీ కొట్టలేదు, కొట్టినా దోమ కుట్టినట్టే. దానికి తెలిసినవి రెండే విద్యలు: పక్కనున్నదానికి అడ్డంగా నిలబడి దెబ్బలన్నీ తను తినడం, గాయానికి మందు రాయడం. ఆట మొదట్లో జంతువుని ఎంచుకోమంటే అందరూ రెక్కలున్నవి, కోరలున్నవి ఎంచుకున్నారు. ఆఖరున మూలన మిగిలిపోయిందది. చూడగానే నాకు తెలిసిపోయింది, ఇది నాదేనని.

“ఏందే ఇది? దున్నకి తోబుట్టువా?” అని రాజీ నవ్వింది. సెంటరంతా నవ్వింది. నవ్వనివ్వండి. నేను ఆ జంతువుని ఏడాది పెంచాను.

శీనన్నకి నవ్వు చాల్లేదు, ఒళ్ళు మంట కూడా. బోరెం బరిలో ఉంటే ఐదు నిమిషాల్లో తేలే పోట్లాట పావుగంట పడుతుంది, వాడి వీరత్వం చూడ్డానికి చేరిన పిల్లలు ఆవలిస్తారు. ఆ కార్తీకంలో ఒకరోజు అందరి ముందూ కుర్చీ మీద కాలు పెట్టి తేల్చేశాడు.

“వచ్చే ఆదివారం మీరిద్దరూ, మేమిద్దరం. ఓడిపోతే నీ ఫ్లాపీ నా చేతికివ్వాలి. దాన్ని నేనే తుడిచేస్తా. మళ్ళీ ఈ సెంటర్లో దాని మొహం కనపడగూడదు.”

“గెలిస్తే?” అన్నాను.

“గెలిస్తే ఉంచుకో. ఇంక నోరెత్తను.”

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు, నాకు అన్నం సహించకపోవడమంటే ఊళ్ళో వార్త. ఫ్లాపీలో ఉన్నది బొమ్మేగా అని మీరనొచ్చు. అనండి. నేను దగ్గరికి తీసుకున్న ఆ శాల్తీని, లావుగా ఉండి ఎవర్నీ కొట్టలేనందుకే చెరిపేస్తామంటే నాకు నన్నే చెరిపేస్తామన్నట్టు అనిపించింది. రాజీ కూడా చెవిలో పోరు పెట్టింది, వేరే జంతువుని తీసుకో, ఇద్దరం కలిసి కొడదాం అని. మార్చనన్నాను. “నీ ఖర్మ, నా ఖర్మ” అని మూతి ముడిచింది గానీ జట్టు మాత్రం వదల్లేదు.

ఆదివారం మేడగది కిక్కిరిసింది, మెట్ల మీద కూడా పిల్లలే. మొదటి వంతులోనే నేను అడ్డం నిలబడే మీట నొక్కాను. ఒక్కసారి నొక్కితే అది పడిపోయేదాకా అడ్డం ఉన్నట్టే. డేగ నిప్పులు కక్కింది. బోరెం కమిలిపోయింది, కదల్లేదు. ఎద్దు కుమ్మింది. కదల్లేదు. దాని వెనక రాజీ ముంగిస వంతు వంతుకీ కోరలు నూరుకుంటోంది. ఆ ఆటలో నూరుకున్నకొద్దీ కాటు పెరుగుతుంది.

“కొట్టకుండా ఎంతసేపే? చేతులు గుంజుతున్నయ్యే నాకు!” అంది రాజీ.

“ఆగవే. మూలమూలా తొక్కనీ.”

ఇక్కడే శీనన్న తప్పు చేశాడు. అది పత్తి రైతు కొడుకు మాత్రమే చేసే తప్పు. మా చేలల్లో కాయతొలిచే పురుగు చావకపోతే ఏం చేసేవాళ్ళు? అదే మందు ఇంకాస్త చిక్కగా కలిపి మళ్ళీ కొట్టేవాళ్ళు. అప్పటికీ చావకపోతే మళ్ళీ. పురుగు మాత్రం పొద్దున్నే ఆకు మీద నింపాదిగా పాకుతూ కనబడేది. శీనన్న వెనకున్న పిల్లలందరూ అలాంటి ఇళ్ళవాళ్ళే.

“డోసు పెంచరా శీనూ! పెంచు! ఇంకోటి పీకు!”

వాడు ప్రతి వంతుకీ డేగ దగ్గరున్న అతి పెద్ద మంటనే వాడాడు. ఎద్దువాడూ అంతే, పెద్ద కుమ్ముడు తప్ప ఇంకోటి నొక్కలేదు. తెర మీద కుడి మూలన, ప్రతి దెబ్బ పేరు పక్కనా ఒక చిన్న అంకె ఉంటుంది, ఆ దెబ్బ ఇంకా ఎన్నిసార్లు కొట్టొచ్చో చెప్పే అంకె. ఐదు నిమిషాల్లో గెలిచేసేవాళ్ళకి దాంతో పనేముంది? దెబ్బలు తింటూ కూర్చున్నదాన్ని గనక నేను ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. నా మందుకీ అంకె ఉంది. అందుకే ప్రాణం కళ్ళలోకొచ్చిందాకా ఓర్చుకుని, అప్పుడు రాశాను. మళ్ళీ ఓర్చుకున్నాను, మళ్ళీ రాశాను. అరచేతులు చెమటతో తడిసి మౌస్ జారిపోతోంది. ఆఖరి మందు కూడా అయిపోయింది. డేగ ఇంకో మంట కక్కింది, బోరెం ప్రాణం చూపే గీత వెంట్రుకంత ఎర్రగా మిగిలింది. ఇంకొక్క మంట పడితే సరి. నేను కళ్ళు మూసుకున్నాను.

“అదేంది? మంట నొక్కితే పడట్లేదేంది? మాస్టారూ, కంప్యూటర్ చెడింది!” అని శీనన్న అరిచాడు.

మాస్టారు వచ్చి, కళ్ళజోడు సవరించుకుని, మూలనున్న అంకె మీద వేలు పెట్టారు. సున్నా. ఎద్దుదీ సున్నా. ఖాళీ దెబ్బ నొక్కితే ఆ వంతు పోయినట్టే, ఇద్దరి వంతులూ పోయాయి.

“చెడలేదురా. నీ డబ్బా ఖాళీ అయింది” అన్నారు.

“ఇప్పుడు కొట్టవే!” అన్నాను రాజీతో, గొంతు చించుకుని. అన్ని వంతులు నూరుకున్న కోరలతో ముంగిస బోరెం వెనకనుంచి దూకింది. డేగకి ఒక కాటు, ఎద్దుకి ఒక కాటు. అంతే. మేడ కూలుతుందేమోనన్నంత అరుపులు. రాజీని ఎత్తుకుని గిరగిరా తిప్పారు. నన్నెవరూ ఎత్తలేదు. ఎత్తడం అంత తేలిక కాదనుకోండి.

ఆ సెంటర్లో ఒక ఆచారం ఉండేది. గోడ మీద నల్లబల్ల, దాని మీద ‘పడగొట్టినవాళ్ళు’ అని రాసి, ఎవరు ఎన్ని జంతువుల్ని పడగొడితే వాళ్ళ పేరు పక్కన అన్ని గీతలు. మాస్టారు ‘రాజీ’ అని రాసి రెండు గీతలు గీశారు. నా పేరు ఆ బల్ల మీద ఏడాదిలో ఒక్కసారీ ఎక్కలేదు. ఆ రోజు కూడా ఎక్కదని అర్థమయ్యేసరికి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. లేచి వెళ్ళి మాస్టారి చేతిలో సుద్దముక్క అడిగి తీసుకుని, రాజీ పేరు పైన చోటు చూసుకుని, పెద్ద అక్షరాలతో రాశాను: ‘బోరెం నిలబడింది.’

“నిలబడ్డం కూడా ఆటేనా?” అన్నాడు శీనన్న. నోరెత్తనన్న మాట అప్పుడే మర్చిపోయాడు.

“నువ్వు నిలబడి చూడు” అన్నాను.

మాస్టారు దాన్ని తుడవలేదు. చాలా వారాలు అలాగే ఉండి, రాతిదుమ్ము కింద అదే మెల్లగా మాసిపోయింది.

ఇప్పుడు ఆ మేడ మీద సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. పత్తిని విడిగానే ట్రాక్టరు తొట్టిలో పోసి పట్టా కప్పి పట్టుకుపోతున్నారు, దూలానికి బోరెం కట్టేవాళ్ళు మా ఊళ్ళో లేరు, దబ్బనం అంటే పిల్లలు నవ్వుతారు. నాయనమ్మ లేదు. రాజీ కూతుళ్ళు ఫోన్లలో నిమిషానికో పోట్లాట ఆడేస్తారు. నేను మాత్రం లావుగానే ఉన్నాను. తగ్గమని ఇప్పటికీ చెబుతారు, ఇప్పటికీ రెండో లడ్డు వాళ్ళే తింటారు.

ఇక దిండు సంగతి. పోటీకి ముందు రోజు శనివారం నేను సెంటరుకి వెళ్ళి, మాస్టారిని బతిమాలి, ఫ్లాపీలో ఉన్నదాన్ని ఇంకో ఫ్లాపీలోకి ఎక్కించుకొచ్చాను. నాయనమ్మ వసారాలో కూర్చుని, చేత్తో గింజ తీసిన కొత్త దూదిని దిండులో కూరుతోంది. ఆ రెండో ఫ్లాపీని దూదిలో పెట్టి కుట్టెయ్యమన్నాను.

“ఏందే ఇది?”

“నా బోరెం, నాయనమ్మా. శీనన్న చంపేస్తానంటున్నాడు.”

ఆవిడ ఆ బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసింది. నా మొహం చూసింది. దూది నడిమధ్యకి తోసి, దబ్బనం తీసి, బోరెం మూతికి వేసే కుట్టే వేసింది.

“ఆడి అబ్బ కూడా తెంపలేడు” అంది.

అదీ సంగతి. శీనన్నా, ఇది నీ కంటపడితే తెలుసుకో. నేను ఓడిపోయినా ఆ రోజు నువ్వు తుడిచేది ఒక ఫ్లాపీనే, బోరెం దిండులో భద్రంగా ఉండేది. మోసమంటావా? అనుకో. దాన్ని చదివే కంప్యూటర్ ఇప్పుడు ఎక్కడా దొరకదని నాకూ తెలుసు. అయినా నిన్న దూది ఎండబెట్టి, కొత్త గలీబు తొడిగి, బోరెంని మళ్ళీ నడిమధ్యలో పెట్టి, పురికొసతో ఆ కుట్టే వేశాను.