కక్కసు లీడరు

తొంభైల మొదట్లో నేను పుంగనూరులో తొమ్మిదో తరగతి చదివేదాన్ని. మాది సదుం వైపు పల్లె. నాయనకు కొంచెం చేనుంది. పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోయేదాన్ని. ఈ మధ్యలో చుక్క నీళ్లు తాగేదాన్ని కాదు. నేనే కాదు, మా బడిలో ఏ ఆడపిల్లా తాగేది కాదు.

బడి వెనక రెండు కక్కసు గదులుండేవి. ఒకటి అయివార్లది. రెండోది ఆడపిల్లల కోసమే కట్టారట, కానీ విరిగిన బెంచీలన్నీ అందులో పడేసి తాళం పెట్టారు. మగపిల్లలకు గోడ ఉంది. మేము ఆ గోడ దాటి కంపచెట్లలోకి పోవాలి. పోవడం చూస్తే చాలు, మగపిల్లలు గోడెక్కి ఈలలు వేసేవాళ్లు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె బడిలోనే పెద్దమనిషయింది. ఎక్కడికి పోవాలో తెలియక సాయంత్రం దాకా బెంచీ మీదనుంచి లేవలేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికే రాలేదు. ఎందుకు రాలేదని ఏ సారూ అడగలేదు.

స్కూలు లీడరును పిల్లలే ఎన్నుకోవాలని మా హెడ్మాస్టరుకు ఆ ఏడాదే బుద్ధి పుట్టింది. అంతకుముందు తనకు నచ్చినవాణ్ణి తనే పెట్టుకునేవాడు. ఈసారి కూడా బట్టల అంగడి వాళ్ల అబ్బాయే అవుతాడని అందరూ అనుకున్నారు. నా పక్కన కూర్చునే టైలరు కూతురు లేచి నా పేరు చెప్పింది. ఆడపిల్లలంతా ఒక్కమాట మీద నాకే ఓటేశారు. ఫలితం చెప్పేటప్పుడు హెడ్మాస్టరు నవ్వాడు.

"ఆడోళ్ల రాజ్యం వచ్చేసిందప్పా మన స్కూలుకు!"

నా ఓణీకి రేకు బ్యాడ్జీ గుచ్చి, చేతికి బెత్తం ఇచ్చాడు. లీడరు పనంటే అదే. ప్రేయర్లో అటెన్షన్ చెప్పాలి, సార్లకు బెత్తం అందించాలి, మాట్లాడినవాళ్లను వేలెత్తి చూపించాలి. కొన్నాళ్లు అదే చేశాను. ఒకరోజు తెలుగు మేడం నన్ను వరండాలో ఆపింది. ఆమె మదనపల్లె నుంచి రోజూ వచ్చిపోయేది. కొత్తగా ఉద్యోగంలో చేరింది, మాతో నవ్వుతూ మాట్లాడేది ఆమె ఒక్కతే.

"బెత్తం మోసేదానికా నిన్ను ఎన్నుకున్యారు? మీకేం కావాల్నో మీరే నోరు తెరిసి అడగాలమ్మా. నేనుండాను గదా, భయం యాల?" అంది.

ఆ మాట నాకు కొండంత ధైర్యమైంది. ఆడపిల్లలందరినీ కూర్చోబెట్టి ఏం అడుగుదామన్నాను. అందరి నోటా ఒకటే మాట. ఆ గది తెరిపించాలి.

గుంపుగా హెడ్మాస్టరు గది దాకా పోయాం. నేను లోపలికి అడుగుపెట్టి, "సార్, మేమంతా..." అని వెనక్కి చూశాను. వెనక ఎవరూ లేరు. వరండా స్తంభాల చాటున జడలు మాత్రం కనబడ్డాయి. వచ్చిన పని ఒక్కదాన్నే చెప్పాను. ఆయన శాంతంగా విన్నాడు. "మంచి మాట చెప్పినావు. పో, రేపు చూస్తాం" అన్నాడు. ఎగిరి గంతేస్తూ బయటికి వచ్చాను.

మర్నాడు ప్రేయరయ్యాక ఆయన నన్ను మెట్ల మీదికి పిలిచి మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

"మన లీడరమ్మకు ఏందో కష్టం వచ్చిందంట. చెప్పమ్మా, నిన్న నాకు చెప్పినావే, అదే. అందరూ ఇనాల గదా."

నేను మైకుకు దూరంగా జరిగాను. ఆయన మళ్లీ అడిగాడు. "మాకు... పోయేదానికి... గది కావాల సార్" అన్నాను.

"యాడికి పోయేదానికి?"

మగపిల్లలు అప్పటికే నవ్వుతున్నారు. ఆయన నవ్వలేదు. నేను ఆ మాట అనేదాకా మైకు తీయలేదు. అన్నాను. బడంతా గొల్లుమంది. డ్రిల్లు సారు కూడా కడుపు పట్టుకున్నాడు. నేను తెలుగు మేడం వైపు చూశాను. ఆమె తల వంచుకుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

ఆ గొడవ సద్దుమణిగాక హెడ్మాస్టరు జేబులోంచి తాళంచెవి తీసి పైకెత్తి అందరికీ చూపించాడు.

"అడిగినావు, ఇస్తాండాను. నేను పిల్లోళ్ల మాట కాదనేవాణ్ణి కాదు. కానీ అడిగినోళ్లదే బాధ్యత. ఆ గది శుభ్రంగా పెట్టేది లీడరు పని."

అలా నా పేరు కక్కసు లీడరయింది. సాయంత్రానికే గోడ మీద బొగ్గుతో రాశారు. బస్సులో అదే పేరు పెట్టి పిలిచేవాళ్లు.

బెంచీలు మేమే బయటికి లాగాం. మొదటి వారం ఆడపిల్లలు నన్ను మోసినంత పని చేశారు. ఆ గదిలో కొళాయి లేదు. బోరింగు దగ్గర నీళ్లు కొట్టి, బకెట్లతో మోయాలి. వంతులు వేసుకుందామంటే అందరూ సరేనన్నారు, వంతు వచ్చిన రోజు మాయమయ్యేవాళ్లు. వాడేవాళ్లు వాడి పోతుంటే కడగడం నా ఒక్కదాని పని అయింది. మొదటి పీరియడంతా అక్కడే గడిచేది. తర్వాత క్లాసుకు పోతే లెక్కల సారు గుమ్మంలోనే ఆపేవాడు. "వాసన పోయిందాక బయటే ఉండు" అనేవాడు. క్లాసంతా ముక్కులు మూసుకునేది.

ఒకరోజు క్లాసులోకి పోయేసరికి నా సంచి ఆఖరి బెంచీ మీద ఉంది. టైలరు కూతురి పక్కన ఇంకో పిల్ల కూర్చుంది.

"యాల మే ఇట్ల చేసినావు?" అన్నాను.

"మాయమ్మ నీ పక్కన కూసోవద్దనింది. ఆ పని చేసొచ్చి అన్నం ముంత పక్కనే పెట్టుకుంటావు" అంది.

"మీకోసం గదా చేసేది!"

"నిన్ను కడగమని మేం చెప్తిమా? నువ్వే గదా అడిగింది."

అన్నది ఎవరో కాదు, లీడరుగా లేచి నా పేరు చెప్పిన పిల్ల. ఆఖరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చుని సద్ది తిన్నాను.

దసరా సెలవులయ్యాక మదనపల్లె నుంచి ఒక ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ముందురోజే హెడ్మాస్టరు మనుషులను పెట్టి ఆ గదికి సున్నం కొట్టించాడు, ఒక డ్రమ్ము పెట్టించి నిండా నీళ్లు పోయించాడు. నన్ను ఆఫీసరు ముందు నిలబెట్టి భుజం తట్టాడు. "మా స్కూల్లో పరిపాలన పిల్లోళ్లదే సార్. ఆడపిల్లే లీడరు. ఆ గదంతా వాళ్లే చూసుకుంటారు" అన్నాడు.

ఆఫీసరు సంతోషపడ్డాడు. వంగి నా మొహంలోకి చూసి, "ఏమ్మా, ఇబ్బందులేమైనా ఉన్నాయా? భయపడకుండా చెప్పు" అన్నాడు.

ఆయన గొంతు మెత్తగా ఉంది. నమ్మాను. "ఆ డ్రమ్ము నిన్న పెట్టింది సార్. మామూలుగా నీళ్లుండవు. కడిగేవాళ్లు లేరు. నేనే కడగతాండాను. క్లాసుకు రానీరు" అన్నాను.

హెడ్మాస్టరు ఉలకలేదు. ఆఫీసరు మిగతా ఆడపిల్లల వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. అందరూ హెడ్మాస్టరు వైపు చూశారు. చివరికి టైలరు కూతురు లేచింది. "అబద్ధం సార్. స్వీపరమ్మ దినామూ వస్తాది" అంది. మా బడికి స్వీపరమ్మే లేదు. ఆఫీసరు తెలుగు మేడంను అడిగాడు. "పిల్ల కొంచెం ఆవేశపరురాలు సార్. అంతా బాగానే ఉంది" అంది ఆమె, నా వైపు చూడకుండా.

ఆఫీసరు నా తల నిమిరి, "లీడరన్నాక నిజం చెప్పడం నేర్చుకోవాలమ్మా" అని టీ తాగడానికి పోయాడు.

రెండు రోజులకు నాయనను పిలిపించారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, తువ్వాలు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. హెడ్మాస్టరు మమ్మల్ని క్లాసులోకి తీసుకుపోయాడు.

"ఏమప్పా, నీ కూతురు స్కూలు పరువు తీసింది. నేను ఆడపిల్లల మీద చెయ్యేసేవాణ్ణి కాదు. టీసీ ఇమ్మంటావా, నువ్వే బుద్ధి చెప్తావా?"

"వద్దు సామీ, టీసీ వద్దు" అన్నాడు నాయన. ఆయన నన్ను అంతవరకూ ఎప్పుడూ కొట్టలేదు. అందుకే ఎక్కడ కొట్టాలో తెలియక చెవి మీద కొట్టాడు. హెడ్మాస్టరు చేతులు కట్టుకుని చూస్తూనే ఉన్నాడు. చాలలేదనుకుని నాయన ఇంకోసారి కొట్టాడు. ఆ తర్వాత బ్యాడ్జీ ఆయన చేతే ఊడదీయించారు. పిన్ను రాకపోతే గుంజాడు, ఓణీ చిరిగింది.

బస్టాండులో నాయన నాకు బన్ను కొనిచ్చాడు. నేను తినలేదు. "నేను కొట్టకపోతే సదువు పొయ్యేది గదమ్మా" అన్నాడు. ఎడమ చెవిలో హోరు పెడుతుంటే ఆ మాట సరిగా వినబడలేదు. ఇప్పటికీ ఆ చెవి మందమే.

బట్టల అంగడి అబ్బాయి లీడరయ్యాడు. గదికి మళ్లీ తాళం పడింది. ఆడపిల్లలు మళ్లీ కంపచెట్లలోకి పోయారు, నాతో మాత్రం మాట్లాడలేదు. నేను పదో తరగతి పాసయ్యేదాకా ఎవరినీ ఏమీ అడగలేదు.

రెండువేల సంవత్సరం దాటాక కుప్పం దగ్గర ఒక పల్లె బడిలో లెక్కల టీచరునయ్యాను. మంచి టీచరునే అనుకునేవాళ్లు, నా క్లాసులో చీమ చిటుక్కుమనేది కాదు. కొన్నేళ్లకు ప్రతి బడిలోనూ పిల్లలు తమ నాయకులను ఎన్నుకోవాలని పైనుంచి చెప్పారు. ఆ పని నాకే అప్పగించారు. బ్యాడ్జీలు లేకుండా, మైకు లేకుండా, పిల్లల చేత చేతులెత్తించి జరిపించాను. ఏడో తరగతి పిల్ల ఒకతె గెలిచింది. మర్నాడు ఇంటర్వెల్లో నా దగ్గరికి వచ్చింది.

"మేడం, అందరం అనుకున్యాం. ఒకటి అడగాల."

నీళ్లో, గదో అయి ఉంటుందనుకున్నాను. లోపల గర్వంగా కూడా ఉంది. "అడుగు తల్లీ" అన్నాను.

"లెక్కల పీరియడ్లో మీరు కొట్టేది నిలిపేయాల మేడం. మీరొస్తాండారంటే సిన్న క్లాసోళ్లు ఉచ్చ పోసుకుంటాండారు."

నాకు ముందు వచ్చింది కోపమే. చెయ్యి లేచింది కూడా. ఆ పిల్ల కళ్లు గట్టిగా మూసుకుంది, కానీ కదలలేదు. ఎత్తిన చేతిని ఏం చేయాలో తెలియక జడ సవరించుకున్నాను. "ఎవరు చెప్పమన్నారు?" అన్నాను.

"అందరమూ మేడం" అంది, కళ్లు తెరవకుండానే.

"సరే పో" అన్నాను. ఆ మధ్యాహ్నం బెత్తం లేకుండా క్లాసుకు పోయాను. పిల్లలు నన్ను నమ్మలేదు. పాఠం అయిందాకా ఒక్కరూ బోర్డు వైపు చూడలేదు, అందరి కళ్లూ నా చేతుల మీదే ఉన్నాయి.