గుంటలు పూడ్చిన పెన్సిలు

కెమెరా మంచిదైతే ఫోటో మంచిగొస్తదని ఇప్పటోళ్లు అంటరు. కావచ్చు. యాబై దాటినంక పలక పట్టినదాన్ని, కెమెరాల సంగతి నాకేం తెలుసు. కాని మా ఊర్లె రెండు కెమెరాలు ఏం చేసినయో కండ్లార చూసిన.

నకిరేకల్ దగ్గర మా ఊరు. రజాకార్ల పీడ పోయింది, యూనియన్ మిలిటరీ వచ్చింది, సంబురం చేసుకున్నం. ఆ సంబురం నెల గూడ నిలవలే. కమ్యూనిస్టు దళమోళ్ల కోసం మిలిటరోళ్లు మళ్ల మా ఇండ్లే గాలించవట్టిన్రు. మా అన్న దళానికి జొన్నలు మోసేటోడు. నల్గొండల ఎవడో పోలీసులకు పత్తా చెప్పిండు: "పేరు తెల్వది. మొకం నిండ అమ్మోరు గుంటలుంటయ్." గుంటల మొకాలు మా ఊర్లె పదకొండు, అండ్ల మా అన్నదొకటి. వచ్చి చూపెట్టమంటే వానికి పానం తీపి. అందుకని ఊరి మగోళ్లందరి ఫోటోలు తీసి వానికి చూపెడతమన్నడు ఆఫీసరు. ఊరి చుట్టూ పహారా. అన్న కదిలితే దొరికినట్టే. అమ్మకు బువ్వ లోపలికి పోలే.

ఆఫీసరు మద్రాసు దిక్కాయన. తోలు సంచిల సీమ కెమెరా. దాన్ని పసిపిల్ల లెక్క ఎత్తుకునేటోడు. మిట్టమధ్యాహ్నం అందర్ని గోడకు నిలవెట్టి టకటక కొట్టిండు. గోడ మంచిగొచ్చిందట, తలరుమాళ్లు మంచిగొచ్చినయట, రుమాలు నీడల మొకాలు మాత్రం బొగ్గులట. పహారా జవాన్లే నవ్వుకుంట చెప్పిన్రు.

అప్పుడు నల్గొండ బజార్ల ఫోటోలు తీసెటాయనను పట్టుకొచ్చిన్రు. ఆయనది చెక్కపెట్టె. మీద కప్పే నల్లగుడ్డకు మాసికలు. పొద్దుపొద్దున కొట్టం నీడల పీట ఏసి, ఒక్కొక్కల్ని కూసోవెట్టి, గదుమ పట్టి తిప్పిండు. మా అన్న వంతొచ్చింది.

"ఫికర్ చెయ్యకు తమ్మీ, నిన్ను పెండ్లికొడుకును చేస్త" అన్నడు.

మొకం సక్కగ పడితే కొడుకు దొరికినట్టేనని అమ్మ గుంజ పట్టుకున్నది.

ఆయన దుకాణంల ఒక దస్తూరుండె. అద్దం మీద బొమ్మ దిగినంక సన్నటి పెన్సిలుతోని గుంటలు పూడ్చి, మచ్చలు కప్పి, మొకం నున్నగ చేసినంకనే ఫోటో బయటికిస్తడు. పోలీసు పనైనా చెయ్యి అదే గద.

పత్తా చెప్పినోడు అన్ని తిరగేసి, "వీండ్లు దొరబిడ్డల లెక్కున్నరు సార్, నేను చూసినోడు లేడు" అన్నడట. పహారా లేసింది. ఆ దినమే అన్న పాలమూరు దిక్కు మేనత్త ఊరికి పోయిండు.

వారానికి ఆఫీసరు ఫోటోలు పట్టుకొని, ఫోటో ఆయనను జీపుల ఏసుకొని వచ్చిండు. గుంటల మొకమున్న మా చిన్నాయినను నిలవెట్టిండు.

"ఇది నీ ఫోటోయేనా?"

"నాదేనట దొరా. నేను గింత సక్కగున్ననని నాకే తెల్వది."

ఆఫీసరు ఫోటో ఆయన దిక్కు తిరిగిండు. "గుంటలేవయ్యా?"

"గుంటలతోని ఇస్తే నా దుకాణం మెట్లెక్కెదెవరు సార్? పదకొండు మొకాలు సాఫ్ చేసిన. రెండు దినాలు కండ్లు గుంజినయ్." మెచ్చుకుంటరనుకున్నడు పాపం.

తిట్టరాని తిట్లు తిట్టి, పెన్సిలు ముట్టకుంట మళ్ల తియ్యమన్నడు ఆఫీసరు. లెక్క చూస్తే పది మొకాలే. "పదకొండోడేడి?"

"పిల్లను చూడ పోయిండు సారూ" అన్నది అమ్మ.

ఆఫీసరుకు సమజైంది. కాని ఊరూరు తిప్పి దేవులాడెతందుకు ఆయన చేతుల ఉన్నది ఆ నున్నటి ఫోటోనే. దాన్నే పట్టుకొని జీపు ఎక్కిండు.

చెక్కపెట్టె సదురుకుంటున్న ఫోటో ఆయన దగ్గరికి అమ్మ పోయింది. "అయ్యా, నా కొడుకు మళ్ల ఎన్నడొస్తడో. ఫోటో ఒకటుంటే ఇయ్యి."

సంచిల నుంచి తీసి ఇచ్చిండు. అమ్మ దాన్ని ఎండకు పట్టింది, దగ్గరికి పట్టింది, కొంగుతోని తుడిచింది.

"వీడు నా కొడుకు కాదు" అన్నది.

ఆయన మొకం చిన్నగైంది. "పోలీసోళ్లు గూడ గదే అంటున్నరమ్మా."