బడిలో మోగిన చావు దరువు

తొంభైల చివర్లో నన్ను అనుమానించనివాడు మాదాపూర్ చుట్టూ పది మైళ్లలో లేడు. కచేరీకి మృదంగం వాయించడానికి వెళితే, చదువులో పడి సాధన మానేశానేమోనని గాయకుడు నా వేళ్లకేసి చూసేవాడు. ఎం.ఏ. సంగీతం క్లాసుకు వెళితే, కచేరీల్లో పడి చదువు మానేశానేమోనని మా మేడమ్ నా కళ్లకేసి చూసేవారు.

పట్టా చేతికి రావాలంటే రెండు నెలలు బడిపిల్లలకు పాఠం చెప్పాలి, అదీ వాళ్ల ఇంటి సంగీతంతోనే. అద్దాల భవనాలు లేస్తున్న చోట, పాలమూరు కూలీల పిల్లలకో రేకుల బడి ఉండేది. మృదంగం చంకనెట్టుకుని వెళ్లాను.

"మీ ఇళ్లలో మోగేదే వాయించండమ్మా" అన్నాను. ఒక పిల్ల బల్ల మీద మొదలెట్టింది. నలభైమందీ అందుకున్నారు. ఏడక్షరాల నడక! ఒళ్లు మరిచి మృదంగంతో గంటసేపు దానికి సొగసులద్దాను. బయట కాంక్రీటు కలిపే మిల్లరు ఆగింది. క్రేను మెడ తిప్పి చూసింది. కూలీలంతా పరుగెత్తుకొచ్చారు. ఒక ముసలమ్మ ముందు ఏడ్చేసి, ఆ తర్వాత అడిగింది: "ఎవలు పోయిన్రు బిడ్డా?"

అది శవం ముందు కొట్టే దరువట.

మర్నాడు బడిలో నేనూ, బల్లలూ మిగిలాం. పిల్లలు లేకపోతే నా పట్టా లేదు. మధ్యాహ్నం ఆ పిల్ల తండ్రి, తాపీమేస్త్రీ, వచ్చాడు.

"సారూ, గిది నేర్పుమని నీకెవలు చెప్పిన్రు?"

"యూనివర్సిటీవాళ్లండి."

"పెద్ద సదువులోళ్లకు మా సావులతోని ఏం పని? నేను డప్పు ఇడిసి తాపీ పట్టింది పిల్ల సదువుకోవాల్ననే గద. నువ్వు మల్ల గదే చేతుల పెడ్తివి."

"చావు దరువని తెలీదండి."

"తెల్వకుంటనే గంటసేపు వాయించినవా?"

"బాగుందనిపించిందండి."

గోడకు తూకం గుండు వేలాడదీసి వంకర చూసినట్టు నన్ను తలనుంచి కాళ్లదాకా చూశాడు. "రేపు పిల్లల్ని తోలుకొస్త. ముందుగాల ఎక్కాలు చెప్పు. ఎన్క నీ మోత. అన్నం యాళ్లకొచ్చి నేను గూడ కూసుంట. జర సూస్త."

వచ్చాడు, నలభైమందితో. అన్నం వేళకు సద్దిడబ్బా ఒళ్లో పెట్టుకుని వెనక బల్ల మీద కూర్చున్నాడు. నేను అటు చూడకుండా ఏడో ఎక్కం అందుకున్నాను.

"ఏడేడ్లు నలభై ఏడు" అన్నాను.

"నలభై తొమ్మిది, సారూ" అంది వెనక బల్ల.

రెండు నెలలూ ఆయన ఒక్క రోజు మానలేదు. నా మీద నమ్మకంతో మాత్రం కాదు.