ఢిల్లీకి సిద్ధమైన సాక్షి

అక్క చేనుకు పోయే బండ్ల బాట కేసులో హైకోర్టు తీర్పు ఆమెకు అనుకూలంగా వచ్చిన రోజు, సిరిసిల్లలో మా ఇంట్లో కూర్చుని డైరీలో తొంభై గడులు గీశాను. కోరుట్ల దగ్గర ఆ బాటకు ముళ్లకంచె వేసిన పొరుగు రైతు సుప్రీంకోర్టుకు పోవాలంటే గడువు తొంభై రోజులని జగిత్యాల వకీలు చెప్పాడు. కంచె పడ్డాక అక్క ట్రాక్టర్ కాలువ చుట్టూ తిరిగి పోతోంది. కేసు ఓడితే చేను అమ్ముకోవడమే.

రోజుకొక గడి కొట్టేస్తూ వచ్చాను. తొంభయ్యోది కొట్టేసి, గండం గడిచిందని ఫోన్ చేశాను. అక్క పాయసం వండింది.

మర్నాడు వకీలుకు డైరీ చూపిస్తే, ఆయన మొదటి గడి మీద వేలు పెట్టాడు.

"తీర్పొచ్చిన దినం లెక్కల పట్టరు సార్. ఆఖరి దినం ఇయ్యాల."

ఆ సాయంత్రమే పొరుగాయన పిటిషన్ దాఖలైంది. వకీలు ముందే కేవియట్ వేసి ఉంచాడు: మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దని కోరే కాగితం.

అక్క బెదరలేదు. ఆమె దృష్టిలో సుప్రీంకోర్టు అంటే కోరుట్ల కోర్టే, కాకపోతే ఇంకాస్త పెద్దది. కనుక సాక్షిని సిద్ధం చేసింది. ఆ బాట వెంట చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని తాటిచెట్లకు నడిచిన గీత కార్మికుడాయన; కోరుట్ల కోర్టులో సాక్ష్యం చెప్పిందీ ఆయనే. అక్క మామా అని పిలుస్తుంది. నాతో సిరిసిల్ల నుంచి తెల్లబట్ట తెప్పించి అంగీ కుట్టించింది. రైల్లో తినడానికి డబ్బా నిండా మురుకులు చేసింది.

"అక్కా, ఢిల్లీల సాక్షులుండరు," అన్నాడు వకీలు. "కింది కోర్టుల చెప్పింది కాగితాల మీదనే ఉంటది. జడ్జీలు ముందుగాల ఒక్కటే చూస్తరు, గీ కేసు మనం వినాల్నా వద్దా అని."

"ఇనకుంటనే ఎట్ల తెలుస్తది?"

అక్క మురుకుల డబ్బా మూత బిగించింది.

విచారణ నాడు దాన్ని చూడ్డానికి జగిత్యాలలో వకీలు కంప్యూటర్ ముందు కూర్చున్నాం. మామ కొత్త అంగీలో వచ్చాడు.

"నువ్వు ఆళ్లకు కనపడవు మామా," అంది అక్క.

"ఏమో, గిటు చూస్తే?"

మా నంబరు వచ్చింది. పొరుగాయన తరఫు వకీలు నాలుగు మాటలు చెప్పాడు. ఇద్దరు జడ్జీలలో ఒకరు ఒక ప్రశ్న వేసి, ఒక ముక్క అన్నారు. తర్వాతి నంబరు పిలిచారు. రెండు నిమిషాల పది సెకన్లు.

"ఆయన పిటిషన్ కొట్టేసిండ్రు అక్కా. బాట మీకే," అన్నాడు మా వకీలు.

"గంతేనా? పదకొండేండ్లు తిప్పలువడ్డం గదా తమ్మీ!" అక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

మామ ఇంకా తెర వైపే చూస్తున్నాడు. "నన్నేం అడగకపాయిరి బిడ్డా."

నాలుగో రోజు పొరుగాయనే కంచె పీకించాడు. అక్క మామను బాట మొదట్లో నిలబెట్టింది. అదే అంగీ, భుజాన మోకు.

"ఇగ చెప్పు మామా. తమ్ముడు రాసుకుంటడు."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "గీడ్నే బిడ్డా, నీ పెండ్లి నాడు బండి దిగబడ్డది. చక్రానికి భుజం పెట్టింది నేనే."

"గిది కోర్టుల చెప్పకపోతివి?"

"ఆళ్లు బాట వెడల్పే అడిగిరి."

నేను డైరీలో రాస్తూ, అలవాటుగా, "తారీఖు?" అన్నాను.

అక్క నడుం మీద చేతులు పెట్టుకుంది. "అక్క పెండ్లి తారీఖు గూడ యాదిలేదా తమ్మీ? గా డైరీ ఎందుకు మరి?"